స్నేహసైన్యం: గుంటూరు సర్కారు చేతులు మారిన తీరు

బొబ్బిలికి కథ ఉంది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట కూలింది. ఆ నాటి నుంచి నేటి దాకా జంగం కథగా, నాటకంగా, సినిమాగా అది తెలుగువాడి జ్ఞాపకంలో నిలిచి ఉంది. అక్కడికి 31 ఏళ్ల తర్వాత, 1788 సెప్టెంబరులో, కృష్ణానది దక్షిణపుటొడ్డున ఉన్న గుంటూరు సర్కారు మొత్తం ఈస్టిండియా కంపెనీ పరమయింది. కోట కూలలేదు, ఫిరంగి పేలలేదు. ఒక దూత హైదరాబాదుకు వెళ్లాడు, ఒక కాగితం చేతులు మారింది, అంతే. దీని మీద బొబ్బిలి కథలాంటి కథ ఏదీ జనం నోట నిలవలేదు. మన చారిత్రక నవలాకారుల చూపు కూడా ఇటు పడలేదనే చెప్పాలి. నెత్తురు పారిన చోట కథ పుట్టడం, కాగితం నడిచిన చోట పుట్టకపోవడం సహజమే కావచ్చు. కాని సహజమైన ప్రతిదీ న్యాయం కాదు. తెలుగుదేశం పరాయిపాలన కిందికి వెళ్లిన తీరులో బొబ్బిలి పాలు కంటె గుంటూరు పాలే ఎక్కువ.

సైన్యం యుద్ధానికే కాదు, స్నేహానికి కూడా పనికివస్తుందనీ, పరాయి దేశంలో మన సైనికుడు నిలబడి ఉంటే అక్కడ శాంతి నిలుస్తుందనీ రాజనీతిజ్ఞులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. నేటికీ చెబుతున్నారు. ఆ మాట పుస్తకాల్లో చర్చించడం ఒక పద్ధతి. తెనాలి, బాపట్ల, రేపల్లె పొలాల మీద నిలబడి చర్చించడం ఇంకొక పద్ధతి. ఈ ప్రాంతాల నేల ఆనాడు గుంటూరు సర్కారుకీ, సముద్రపుటంచున ఉన్న నిజాంపట్నం సర్కారుకీ చెంది ఉండేది. గుంటూరు సర్కారునే కొండవీటి సీమ అనీ, ముర్తజానగరం అనీ కూడా అనేవారు. ఈ రెండు సర్కార్లూ స్నేహసైన్యాల లెక్కల్లోనే చేతులు మారాయి.

అంతకు ముందు ఈ తీరానికి ఇంకో రకమైన దౌత్యం తెలుసు. ఇప్పటి బాపట్ల జిల్లాలోనే ఉన్న మోటుపల్లిలో 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. తుపానుకు ఓడ విరిగి సరుకు ఒడ్డుకు కొట్టుకువస్తే ఆ సరుకంతా రాజులు లాక్కోవడం అంతకు ముందు ఆచారం. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమని గణపతిదేవుడు పరదేశి వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం ముప్పై వంతులకు ఒక వంతు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి ఆ రేవులో వర్తకులకు మళ్లీ అభయమిచ్చి మరో శాసనం వేయించాడు. గణపతిదేవుడు శాంతమూర్తి అని ఎవరూ అనరు. వెలనాటిని, ఈ తీరాన్ని, కత్తితోనే గెలిచాడు. అయితే పరదేశితో మాట్లాడవలసి వచ్చినప్పుడు కత్తిని పక్కన పెట్టి సుంకం రేటు చెప్పాడు. రాతి మీద, అందరూ చదివేలా చెప్పాడు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చిన ఒడంబడికలను జనం చదవలేదు, జనానికి చదివి వినిపించలేదు.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ పులికాట్‌లో డచ్చివారి అడ్డు తగిలి, ఉత్తరంగా వచ్చి నిజాంపట్నంలో ఆగింది. దొరలు ఆ ఊరిని పెట్టపోలి అన్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువారు మొట్టమొదట కాలుపెట్టి వర్తకం మొదలుపెట్టిన ఒకటి రెండు చోట్లలో ఇది ఒకటి. రేపల్లె నుంచి బస్సెక్కి వెళ్లేవారికి అది ఇవాళ చేపల రేవు. ఆనాడు వచ్చినవాడి చేతిలో తూకపురాళ్లు, బట్టల నమూనాలు ఉన్నాయి. సిపాయిలు లేరు. గోల్కొండ సుల్తాను కొలువులో వంగి సలాము చేసి ఫర్మానా పుచ్చుకున్నవాడు, నూటయాభై ఏళ్లకు అదే రేవును ఇనాముగా రాయించుకున్నాడు. ఈ మధ్యలో జరిగినదేమిటి?

జరిగిన దానికి దారి చూపింది ఇంగ్లీషువాడు కాదు, ఫ్రెంచివాడు. 1751లో రాయచోటి వైపు దారిలో ముజఫర్ జంగ్ చనిపోయాక సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించి, అతని వెంట హైదరాబాదు, ఔరంగాబాదులకు వెళ్లిన బుస్సీ అక్కడే ఉండిపోయాడు. ఎందుకు ఉన్నావని ఎవరూ అడగలేదు. నవాబుకు మిత్రుడు కాబట్టి ఉన్నాడు. మిత్రుడి సైన్యానికి జీతాలు కావాలి. నవాబు ఖజానా ఖాళీ. 1753 చివర ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను ఆ జీతాల కింద ఫ్రెంచివారికి రాసిచ్చారు. మచిలీపట్నం సీమ అంతకు ముందే వారి చేతిలో ఉంది. తెలుగు రైతు పండించిన గింజ ఔరంగాబాదులో కాపలా కాస్తున్న సిపాయికి జీతమయింది. ఆ సిపాయి ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నాడో ఆ రైతుకు తెలియదు.

తర్వాతి కథ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించాడు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టాడు. ఫ్రెంచివారికి తోడుగా సైన్యంతో బయలుదేరి దగ్గర్లోకి వచ్చిన సలాబత్ జంగ్, కోట పడిపోయాక పక్షం మార్చాడు. మే 14న రాసుకున్న ఒడంబడికలో మచిలీపట్నం సర్కారును, దానితో పాటు నిజాంపట్నం సర్కారును కంపెనీకి ఇనాము చేశాడు. ఫ్రెంచి సైన్యాన్ని 15 రోజుల్లో తన దేశం నుంచి నది దాటించి పంపుతానన్నాడు, మళ్లీ ఎన్నడూ కొలువులో పెట్టుకోనన్నాడు. అలా రేపల్లె తీరం చేతులు మారింది. ఇనాము అన్న మాట చూడండి. ఓడినవాడు గెలిచినవాడికి ఇచ్చేదాన్ని కప్పం అంటాం. ఇక్కడ ఇచ్చేవాడు ప్రభువు, పుచ్చుకునేవాడు సేవకుడు అన్న వేషం చెడకుండా ఆ మాట కాపాడింది. పరాయి ప్రభుత్వం మన దేశంలోకి వచ్చింది సేవకుడి భాషలోనే.

1765 ఆగస్టు 12న షా ఆలం పాదుషా ఉత్తర సర్కార్లను కంపెనీకి ఇస్తూ ఫర్మానా ఇచ్చాడు. (సరిగ్గా 177 ఏళ్ల తర్వాత, 1942 ఆగస్టు 12నే తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. రణరంగచౌకులోని స్తూపాలు వారివే. తేదీలు కలవడం కాకతాళీయం, అందులో అర్థం వెదకనక్కరలేదు. కాని తెనాలివాడు ఆ తేదీ మీద ఒక క్షణం ఆగకుండా ముందుకు పోలేడు.) పాదుషా ఇచ్చినా నేల మీద ఉన్నవాడు నిజాం అలీ. ఆయన ఒప్పుకోలేదు. బేరం నడిచింది. 1766 నవంబరు 12న హైదరాబాదులో కుదిరిన ఒడంబడికే ఈ వ్యాసానికి కీలకం.

దాని ప్రకారం అయిదు సర్కార్లూ కంపెనీవి. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం అతనిదే. బదులుగా కంపెనీ రెండు పనులు చేయాలి. ఏటా పేష్కష్ చెల్లించడం ఒకటి: మూడు సర్కార్లకు 5 లక్షలు, శ్రీకాకుళం, గుంటూరు చేతికి వచ్చినప్పుడు ఒక్కొక్క దానికి 2 లక్షల చొప్పున. నిజాం ప్రభుత్వ వ్యవహారాల్లో న్యాయమైనవాటిని, ఉచితమైనవాటిని చక్కబెట్టడానికి ఒక సేనాభాగాన్ని సిద్ధంగా ఉంచడం రెండవది. సేన పంపిన సంవత్సరం దాని ఖర్చు పేష్కష్‌లోంచి మినహాయింపు. తమ సొంత ప్రాంతాలకు ఆపద వస్తే సేనను వెనక్కి తీసుకునే స్వేచ్ఛ కంపెనీది.

సాహిత్య విద్యార్థికి ఈ షరతు మంచి పాఠం. న్యాయమైనది, ఉచితమైనది అని తేల్చేదెవరు? రాతలో లేదు. ఎంత సేన? రాతలో లేదు. విశేషణాలు ఉన్న చోట సంఖ్యలు లేవు, సంఖ్యలు ఉన్న చోట గడువులు లేవు. ఒడంబడిక అయిన మరుసటి ఏడే దీని పస తెలిసిపోయింది. కంపెనీ సేన నిజాం సైన్యంతో కలిసి మైసూరు మీదికి నడిచింది. నడుస్తూ నడుస్తూ ఉండగానే నిజాం హైదరలీతో కలిసిపోయాడు. స్నేహం కోసం వెళ్లిన సైన్యం స్నేహితుడి మీదనే కాల్పులు జరిపి బయటపడవలసి వచ్చింది. 1768లో మళ్లీ ఒడంబడిక. ఈసారి సంఖ్యలు వచ్చాయి: రెండు సిపాయి పటాలాలు, ఆరు ఫిరంగులు, ఖర్చు నిజాందే.

ఇక గుంటూరు. మద్రాసుకూ మచిలీపట్నానికీ మధ్య తీరం వెంట కంపెనీ భూమి కంపెనీ భూమిని కలుసుకోకుండా అడ్డుగా నిలిచిన ముక్క అది. బసాలత్ జంగ్ అదవానిలో ఉండి దాని రాబడి తినేవాడు. ఫ్రెంచి సిపాయిలను కొలువులో పెట్టుకున్నాడు. వారికి మోటుపల్లి రేవు ద్వారా మనుషులు, సామగ్రి అందుతున్నాయని మద్రాసువారికి బెంగ. పరదేశి వర్తకుడికి గణపతిదేవుడు అభయమిచ్చిన రేవు, అయిదువందల ఏళ్లకు తుపాకులు దిగే రేవని అనుమానపడవలసిన స్థితికి వచ్చింది. 1779లో గవర్నరు రంబోల్డు, నిజాంకు తెలియకుండా బసాలత్ జంగ్‌తో నేరుగా ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచివారిని తీసివేయాలి, గుంటూరును కంపెనీకి గుత్తకు ఇవ్వాలి. ఆయన రక్షణకు కంపెనీ సేన వస్తుంది. ఆ గుత్తను కంపెనీ వెంటనే ఆర్కాటు నవాబుకు మారుబేరం వేసింది. ఊళ్ల మీద ఎంత లాభమో లెక్కచూసుకున్న తర్వాతే స్నేహం కుదిరిందనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

రక్షణ కోసం కర్నల్ హార్పరు కింద ఒక దళం అదవానికి బయలుదేరింది. దారి హైదరలీ చేతిలో ఉన్న కడప సీమ మీదుగా. అడిగి నడవాలన్న మర్యాద కూడా పాటించలేదు. హైదరు దారి ఇవ్వలేదు, దళం వెనుదిరిగింది. అన్నను తప్పించి తమ్ముడితో బేరమాడినందుకు నిజాం మండిపడి, బసాలత్ జంగ్ తీసివేసిన ఫ్రెంచివారిని తానే కొలువులో పెట్టుకున్నాడు. దక్కన్‌లో ముగ్గురు బలవంతులూ, హైదరు, నిజాం, మరాఠాలు, ఒక్కసారిగా కంపెనీకి ఎదురుతిరిగారు. 1780 జూలైలో హైదరు కర్ణాటకం మీద పడ్డాడు. ఆ యుద్ధానికి కారణాలు ఇంకా ఉన్నాయి, మాహే పట్టుకోవడం వాటిలో పెద్దది. కాని స్నేహపూర్వకంగా పంపిన ఒక చిన్న దళం పెద్ద యుద్ధానికి నిప్పురవ్వ కాగలదని గుంటూరు గుత్త నిరూపించింది. వారన్ హేస్టింగ్సు గుంటూరును తిరిగి ఇచ్చేయమన్నాడు. మద్రాసు గవర్నరు వైట్‌హిల్ ఆ ఉత్తరువును నాన్చి పదవి పోగొట్టుకున్నాడు. మన నేల కోసం ఒక దొర పదవి పోయిందని సంతోషించనక్కరలేదు. ఎప్పుడు మింగాలన్న దాని మీదనే తప్ప మింగాలా వద్దా అన్న దాని మీద కలకత్తాకూ మద్రాసుకూ తగవు లేదు.

1782లో బసాలత్ జంగ్ చనిపోయాడు. మాట ప్రకారం గుంటూరు కంపెనీకి రావాలి. నిజాం ఇవ్వలేదు, కంపెనీవారూ పేష్కష్ బాకీ పెట్టారు. 1788లో కారన్‌వాలీసు కెప్టెన్ కెన్నవేను హైదరాబాదుకు దూతగా పంపాడు. బయటికి చెప్పిన మాట సుహృద్భావం. గుంటూరు అడగడానికే వస్తున్నాడన్నది అక్కడికి చేరేదాకా గుట్టు. ఇదే సమయంలో వేరే సాకు చెప్పి మద్రాసువారు ఒక సేనను గుంటూరు సర్కారు పొలిమేర దగ్గరికి జరిపి ఉంచారు. దౌత్యంలో సైన్యం పాత్ర గురించి ఎన్ని సిద్ధాంతాలు రాసినా ఈ చిత్రాన్ని మించి చెప్పలేవు: కొలువులో నవ్వుతున్న దూత, పొలిమేరలో నిలబడి ఉన్న పటాలం. ఆ రెంటిలో దేన్ని చూసి నిజాం తల ఊపాడన్నది చెప్పనక్కరలేదు. సెప్టెంబరులో గుంటూరు అప్పగించాడు. తుపాకి పేలలేదు కాబట్టి దానిని శాంతియుతమైన పరిష్కారం అంటారు. తుపాకి ఉండడమే పేలడంతో సమానమైన చోట ఆ మాటకు అర్థం లేదు.

ప్రతిఫలంగా నిజాం ఏమడిగాడు? 1768 ఒడంబడికలో చెప్పిన సేననే పంపమన్నాడు. ఇక్కడ కారన్‌వాలీసు చేసిన పని మన వ్యాఖ్యాతలకు అసూయ కలిగించగలది. 1784లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం కొత్త సైనిక ఒడంబడికలు చేయడానికి ఆయనకు అధికారం లేదు. అందుకని 1789 జూలై 7న నిజాంకు ఒక ఉత్తరం రాశాడు. ఇది ఒడంబడిక కాదు, పాత ఒడంబడికకు వివరణ మాత్రమేనన్నాడు. అయితే ఒడంబడికతో సమానంగా కట్టుబడి ఉంటామన్నాడు. వీలున్నప్పుడు సేన పంపుతామని ఉన్న పాతమాటకు, అడిగినప్పుడల్లా పంపుతామని అర్థం చెప్పాడు. కంపెనీ మిత్రుల మీద ఆ సేనను వాడకూడదు అంటూ ఆ మిత్రుల పేర్లు వరసగా రాశాడు. ఆ వరసలో టిప్పుసుల్తాను పేరు లేదు. టిప్పు ఆ జాబితా చదివి, లేని పేరును సరిగ్గానే చదువుకున్నాడు. రాయనిదాన్ని చదవగలిగినవాడే మంచి పాఠకుడని మన విమర్శకులు అంటారు. శ్రీరంగపట్నంలో ఒక మంచి పాఠకుడున్నాడు. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది.

1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం చావుదెబ్బ తిన్నాడు. స్నేహసైన్యం పక్కనే ఉన్నా మరాఠాలు కూడా మిత్రులే కాబట్టి కదలలేదు. నిజాం ఆ రెండు పటాలాలనూ వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లాయి. ఈ చిన్న సంగతిని చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తారు, నాకది పెద్దదిగా కనిపిస్తుంది. ఆనాటికి ఇంకా పొమ్మనే హక్కు ఆతిథేయుడి దగ్గరే ఉంది. కొడుకు తిరగబడితే ఆ కొద్ది నెలల్లోనే మళ్లీ పిలిచాడనుకోండి. 1798 సెప్టెంబరు 1న వెలెస్లీ చేసుకున్న ఒడంబడికతో ఆ హక్కు పోయింది. ఆరు పటాలాలు, సాలుకు 24,17,100 రూపాయల ఖర్చు, ఫ్రెంచి కొలువువారి నిరాయుధీకరణ. 1800లో ఆ ఖర్చు కిందనే దత్తమండలాలు పోయాయి. 1753లో సర్కార్లు ఫ్రెంచి సిపాయి జీతం కింద, 1800లో బళ్లారి, కడప, అనంతపురం సీమలు ఇంగ్లీషు సిపాయి జీతం కింద. మన పటం మీది గీతలు చాలావరకు జీతాల చిట్టాలోనే పుట్టాయి.

దీనికి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు సైన్య సహకార పద్ధతి. నేను చాలాకాలంగా ఈ అనువాదంతో పడలేకపోతున్నాను. ఎవరు ఎవరికి సహకరించారు? ఇంగ్లీషు మాటలో కనీసం డబ్బు వాసన ఉంది, జీతమిచ్చి పోషించే సైన్యమన్న ధ్వని ఉంది. తెలుగులో ఆ ధ్వనిని తీసివేసి సహకారం చేర్చాం. సహకారమంటే మన పల్లెల్లో పరపతి సంఘం. కంపెనీవాడే ఇంత మంచి మాట కనిపెట్టలేకపోయాడు, మనం కనిపెట్టి పరీక్ష పేపర్లలో రాయిస్తున్నాం. కిరాయి కాపలా అంటే మోటుగా ఉంటుందేమో గాని అబద్ధం ఉండదు.

ఈ సైన్యం వల్ల శాంతి వచ్చిందని, దేశం దోపిడీదండుల నుంచి బయటపడిందని వాదించేవారున్నారు. వారికి 1816 మార్చిని గుర్తుచేయాలి. నర్మదా ప్రాంతం నుంచి బయలుదేరిన పిండారీ గుర్రపుదండు, స్నేహసైన్యం కాపలా కాస్తున్న నిజాం రాజ్యాన్ని అడ్డంగా దాటి గుంటూరు మీద పడింది. కంపెనీ సీమలో పన్నెండు రోజుల లోపే 339 గ్రామాలను దోచింది. 182 మందిని చంపింది, 505 మందిని గాయపరిచింది, 3,603 మందిని డబ్బెక్కడ దాచారో చెప్పమని చిత్రహింసలు పెట్టింది. కంపెనీవారు తర్వాత విచారించి కట్టిన లెక్క ఇది. గుంటూరు కచేరీ పట్నమే దోపిడీ అయింది. ఏటా పాతిక లక్షల ఖర్చుతో హైదరాబాదులో నిలబడిన సేన నిజాం గద్దెను కాపాడింది. ఆ సేన పుట్టుకకు మూలమైన గుంటూరును కాపాడలేదు. ఆ తర్వాత పదహారేళ్లకు నందన కరువు వచ్చింది. అయిదు లక్షల జనమున్న జిల్లాలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని అంచనాలున్నాయి. ఆ చావులన్నిటినీ ఒడంబడికల ఖాతాలో వేయడం సరికాదు, వానలు లేవు, కాలవలు లేవు. కాని శిస్తు వసూలుకు ఉన్న శ్రద్ధ కాలవలకు లేకపోవడం ప్రకృతి చేసిన పని కాదు. కృష్ణకు ఆనకట్ట పడడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

అసలు పేష్కష్ ఏమయిందో కూడా చెప్పాలి. ఉత్తర సర్కార్ల మీద ఏటా ఇవ్వవలసిన 7 లక్షలను కంపెనీ 1823లో 1,16,66,666 రూపాయలకు ఒకేసారి కొనివేసింది. ఆ సొమ్ము నిజాం ఇంటికి పోలేదు. విలియం పామరు కంపెనీ అప్పు తీర్చడానికి పోయింది. ఆ అప్పు ఎందుకయింది? చాలావరకు నిజాం పేరున ఇంగ్లీషు అధికారుల కింద పెంచిన మరో సేనకు జీతాలివ్వడానికి. సేన ఖర్చు కింద మొదలయిన లెక్క సేన ఖర్చు కిందే ముగిసింది.

ఈ రోజుల మాట కూడా అడుగుతారు. 2019 నవంబరులో విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో భారత, అమెరికా సేనలు విపత్తు సహాయం పేరిట కలిసి విన్యాసాలు చేశాయి. దాన్నీ 1766నూ ఒకే గాటన కట్టడం చరిత్ర తెలియనివాడి పని. ఇవాళ మన దేశం పొమ్మంటే పోవలసిన అతిథులే వచ్చారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ, రేపల్లె, బాపట్ల ఊళ్లలో మన సైనికులు చేసిన పని చూసినవారు సైనికుడంటే ఫిరంగే అనుకోరు. అదే సమయంలో 1971 డిసెంబరులో బంగాళాఖాతంలోకి ఎంటర్‌ప్రైజ్ నౌక ఎందుకు వచ్చిందో ఈ తీరం మరచిపోనక్కరలేదు. అది ఫిరంగి పేల్చలేదు. కెన్నవే వెనక పొలిమేరలో నిలబడిన పటాలమూ పేల్చలేదు. ఏ స్నేహసైన్యం గురించి చదివినా రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు: ఖర్చు ఎవరిది, పొమ్మనే హక్కు ఎవరిది.

ఇక ఒక చిక్కు ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. గుంటూరు సీమ ఊళ్ల చరిత్రకు మనకున్న గొప్ప ఆకరం మెకంజీ కైఫీయతులు. కొండవీటి సీమను మూడు వంతులు చేసి వాసిరెడ్డివారికి, మానూరివారికి, మాణిక్యారాయనివారికి పంచిన సంగతి, ఏ ఊరు ఏ వంతులోకి వచ్చిందన్న సంగతి, చెరువులు, గుళ్లు, మిరాశీలు, అన్నీ కరణాల నోట విని రాసిపెట్టారు. ఈ రాతలు లేకపోతే మన గ్రామీణ చరిత్ర సగం చీకటి. ఆ మెకంజీ దక్కన్‌కు వచ్చింది ఎలా? నిజాం దగ్గర ఉంచిన కంపెనీ దళానికి ఇంజనీరుగా. కావలి బొర్రయ్య ఆయన దగ్గర చేరింది ఆ రోజుల్లోనే. అమరావతి స్తూపాన్ని ఆయన మొదటిసారి చూసింది 1797లో. సేన నడవడానికి దారులు కొలవవలసి వచ్చింది, దారులు కొలిచేవాడికి ఊళ్లు ఎదురయ్యాయి, ఊళ్లకు కథలున్నాయి. కరణాలు చెప్పిన ఆ కథల్లో ఫసలీ సంవత్సరాలు వరసగా వస్తాయి: ఫలానా ఏడు ఫలానా అమలుదారు, ఫలానా ఏడు ఫలానా జమీందారు, ఆ తర్వాత కుంఫిణీవారు. ఎలా వచ్చారో చాలాచోట్ల రాయరు. ప్రశ్న అడిగి రాయించుకుంటున్నవాడు కుంఫిణీవారి మనిషే.